దుకాణపు బిల్లు మీది గీతలు, సంకేతాలు: సరిహద్దు ఊళ్ళవారికి వాటితో పని ఏమి?

బాగలూరు వాసి బజారు ఒక్క రాష్ట్రంలో ముగియదు. నెలసరి సరుకులకు హోసూరు, పెండ్లి బట్టలకూ ఇంటి యంత్రాలకూ బెంగుళూరు, చుట్టాలింటికి పోయినప్పుడు కుప్పం. మాలూరు, సర్జాపురం సంగతి చెప్పనక్కరలేదు. నెలాఖరున సంచుల అడుగున మిగిలిన బిల్లులను ఒకచోట పరచితే మూడు రాష్ట్రాల ఖజానాలకు మనమిచ్చిన లెక్క అందులో కనబడుతుంది. అయితే ఆ బిల్లులో మనం చదివేది అడుగున ఉన్న మొత్తం ఒక్కటే. దాని పైనా క్రిందా ఉన్న అంకెలు, నల్లగీతలు దుకాణదారుని సొంత వ్యవహారమని వదిలివేస్తాము. వాటిలో కొన్ని నిజంగానే ఆయనవి. మరికొన్ని మాత్రం మనవి.

మొదట సరుకు పొట్లం మీది బార్‌కోడు సంగతి. దీనికి మూలం అమెరికాలో నార్మన్ జోసెఫ్ వుడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్ అనే ఇద్దరు 1952లో పొందిన పేటెంటు. దుకాణంలో తొలిసారిగా ఒక వస్తువును ఈ గీతల సాయంతో అమ్మినది 1974 జూన్ 26న, ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో. ఆ వస్తువు ఒక రిగ్లీ చూయింగ్ గమ్ పొట్లం. మన దేశంలో వాడుకలో ఉన్నది 13 అంకెల సంఖ్య. గీతలు ఆ సంఖ్యను యంత్రం చదువుకొనే లిపి మాత్రమే. క్రింద అచ్చయిన అంకెలు మనం చదువుకొనే లిపి. రెండు లిపులలో ఒకే మాట అన్నమాట; ఇది మన సరిహద్దువారికి వింతేమీ కాదు.

ఆ సంఖ్య 890తో మొదలైతే సరుకు భారతదేశంలో తయారైనదని ఫోన్లలో ఒక సందేశం ఏండ్ల తరబడి తిరుగుతున్నది. అది నిజం కాదు. 890 అంటే ఆ కంపెనీ తన సంఖ్యను జి.ఎస్.1 ఇండియా అనే సంస్థ వద్ద తీసుకొన్నదని మాత్రమే అర్థం. సరుకు ఎక్కడ తయారైనా కావచ్చును. తయారీ స్థలం కావలసినవారు పొట్లం మీది అక్షరాలనే చదువుకోవాలి.

పదమూడవ అంకె తనిఖీ అంకె. ఉదాహరణకు 890123456781 అనే పన్నెండు అంకెలు తీసుకొందాము. బేసి స్థానాలలోని 8, 0, 2, 4, 6, 8 కలిపితే 28. సరి స్థానాలలోని 9, 1, 3, 5, 7, 1 కలిపితే 26. దానిని మూడుతో హెచ్చిస్తే 78. రెండూ కలిపి 106. దీని తరువాతి పదుల సంఖ్య 110. తేడా 4. కాబట్టి పదమూడవ అంకె 4 కావాలి. గీత చెరిగి యంత్రం ఒక అంకెను తప్పు చదివితే ఈ లెక్క కుదరదు, యంత్రం ఆ సంఖ్యను ఒప్పుకొనదు. ప్రక్క ప్రక్క అంకెలు తారుమారైనా చాలావరకు పట్టుకొంటుంది. 1, 6 వంటి అయిదు తేడా గల జంట తారుమారైతే మాత్రం తప్పించుకొనిపోతుంది. ఎందుకో కనిపెట్టమని పిల్లలకు ఇచ్చి చూడండి, మంచి లెక్క.

ఈ సంఖ్యలో ధర లేదు. ధర దుకాణపు కంప్యూటరులో ఉంటుంది. గీతలు కేవలం ఆ వస్తువు పేరును అడుగుతాయి. అరలో అతికించిన చీటీలో ఒక ధర, బిల్లులో మరొక ధర రావడానికి కారణం ఇదే. చీటీ మార్చినవారు కంప్యూటరులో మార్చలేదు, లేక అటునుండి ఇటు. కూరగాయలు తూచి అతికించే చీటీ దీనికి భిన్నం. దాని సంఖ్య సాధారణంగా 2తో మొదలవుతుంది. అది ఆ దుకాణం లోపల మాత్రమే చెల్లే సంఖ్య. తూకమో ధరో అందులోనే ఇమిడి ఉంటుంది.

ఇక బిల్లు అడుగున ఉండే బార్‌కోడు. ఇది సరుకుది కాదు, ఆ లావాదేవీది. ఏ శాఖ, ఏ కౌంటరు, ఏ తేది, ఎన్నవ బిల్లు అన్నవాటిని కలిపి దుకాణమువారు ఏర్పరచుకొన్న సంఖ్య. సరుకు వాపసు చేసినప్పుడు దానిని చదివించగానే అసలు అమ్మకం తెర మీదికి వస్తుంది. ఒకే బిల్లుకు రెండుసార్లు డబ్బు తీసుకోకుండా కూడా అదే కాపలా.

దీని విలువ నాకు తెలిసినది ఒక మిక్సీ వలన. బెంగుళూరులో ఒక దుకాణంలో కొన్నాము, ఎనిమిది నెలలకు మోటారు ఆగిపోయింది. బిల్లు జాగ్రత్తగా ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంచితిని. తీసి చూస్తే తెల్లకాగితము. "బిల్లు నెంబరు లేకుండా ఏమీ తీయలేము సార్" అన్నాడు కౌంటరు కుర్రవాడు. ఆనాడు ఫోను నెంబరు కూడా చెప్పి ఉంటిమని మా ఇంటావిడకు జ్ఞాపకం వచ్చింది గనుక సరిపోయింది. ఈ బిల్లులలో సిరా ఉండదు. వేడికి నల్లబడే పూత పూసిన కాగితం అది. ఎండ, నూనె చేయి, ప్లాస్టిక్ కవరు మూడూ దానికి శత్రువులే. కొన్ననాడే జెరాక్సు తీయించడమో, బార్‌కోడు, తేది స్పష్టంగా కనబడేట్లు ఫోటో తీయడమో చేయవలెను.

సరిహద్దువారు అన్నిటికన్నా ముందుగా చూడవలసినది బిల్లు తలకట్టున ఉండే 15 అక్షరాల జి.ఎస్.టి. నంబరు. 2017 జూలై 1 నుండి ఈ పన్ను అమలులో ఉన్నది. మొదటి రెండంకెలు రాష్ట్రం: తమిళనాడుకు 33, కర్ణాటకకు 29, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. తరువాతి పది అక్షరాలు వ్యాపారి పాన్ నంబరు. అందులో నాలుగవ అక్షరం 'పి' అయితే ఒక వ్యక్తి, 'ఎఫ్' అయితే భాగస్వామ్య సంస్థ, 'సి' అయితే కంపెనీ. పదమూడవది ఆ పాన్ మీద ఆ రాష్ట్రంలో ఎన్నవ నమోదో తెలుపుతుంది. పదునాలుగవది మామూలుగా 'జడ్'. చివరిది ఇక్కడ కూడా తనిఖీ అక్షరమే. ఈ నంబరును జి.ఎస్.టి. పోర్టల్‌లో కొట్టి చూస్తే వ్యాపారి పేరు, నమోదు జీవించి ఉన్నదా రద్దయినదా అన్నది ఎవరైనా, లాగిన్ లేకుండానే చూడవచ్చును.

నంబరు లేకుండా పన్ను వసూలు చేయుటకు ఎవరికీ హక్కు లేదు. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న వ్యాపారికి నంబరు ఉంటుంది గాని కొనేవారి వద్ద పన్ను తీసుకోరాదు. ఆ మాట తన బిల్లు మీద వ్రాయవలెను. కాబట్టి పన్ను గడిలో సొమ్ము ఉండి, తలకట్టున నంబరు లేకపోతే నిలదీసి అడుగవచ్చును.

బెంగుళూరు దుకాణంలో చిరునామా వ్రాయించకుండా కౌంటరు వద్ద కొంటే బిల్లు మీద 29 ఉంటుంది. కేంద్రపు పన్ను, రాష్ట్రపు పన్ను చెరిసగం. ఆ సగం కర్ణాటకది. అదే సరుకును కర్ణాటకలోని గిడ్డంగి నుండి ఆన్‌లైన్లో బాగలూరు చిరునామాకు తెప్పించుకొంటే ఐ.జి.ఎస్.టి. అని ఒకే పద్దు పడుతుంది. రాష్ట్రపు వాటా తమిళనాడుకు చేరుతుంది. మన జేబుకు తేడా లేదు, ఖజానాకు ఉన్నది.

సరుకు పేరు ప్రక్కన కనబడే నాలుగు, ఆరు లేక ఎనిమిది అంకెలు హెచ్.ఎస్.ఎన్. సంకేతం. 1006 బియ్యం, 0902 తేయాకు, 3401 సబ్బు. పన్ను రేటు దీనిని బట్టే. 2025 సెప్టెంబరు 22న స్నానపు సబ్బు మీది పన్ను 18 నుండి 5 శాతానికి తగ్గింది. అంటే బిల్లులో 2.5, 2.5 ఉండాలి. చిన్న వ్యాపారి బిల్లులో ఈ సంకేతం లేకపోయినా తప్పు కాదు. హోటలు బిల్లు మీద మాత్రం 14 అంకెల ఆహార భద్రతా నంబరు 2022 జనవరి 1 నుండి తప్పనిసరి. దాని రాష్ట్ర సంకేతాలు వేరు. 33 కనబడలేదని తొందరపడరాదు.

ఇంత చదివి ఏమి లాభమని అడుగువారికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమే జవాబు. అది 2020 జూలై 20న అమలులోనికి వచ్చింది. అంతకు ముందు 1986 చట్టం ప్రకారం, బెంగుళూరులో కొన్న సరుకు చెడితే కేసు సాధారణంగా బెంగుళూరులోనే వేయవలసి ఉండెను. వెయ్యి రూపాయల వస్తువు కోసం నాలుగు వాయిదాలకు బస్సు చార్జీలు పెట్టుకొని తిరిగేవారెవరు? మనవారు ఊరకుండిపోయేవారు. కొత్త చట్టం ప్రకారం కొన్నవారు నివసించే చోట, అనగా మన జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. అమ్మినవాని నంబరు 29 అయినా 37 అయినా అడ్డు లేదు. వస్తువుకు చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు అయితే రుసుము లేదు. గడువు రెండు సంవత్సరాలు. ఇంటినుండే పంపదలచినవారికి 2025 జనవరిలో ప్రారంభమైన ఇ-జాగృతి పోర్టల్ ఉన్నది. ముందుగా మాట్లాడి చూడదలచినవారికి 1915 నంబరు.

అదే చట్టం బిల్లు ఇవ్వకపోవుటను అన్యాయ వ్యాపార పద్ధతిగా పేర్కొన్నది. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోపల, గడువు చెప్పకుంటే 30 రోజులలోపల వాపసు తీసుకొననని అనుట కూడా అటువంటిదే. రెండు వందల రూపాయల లోపు అమ్మకానికి నమోదైన వ్యాపారి పన్ను బిల్లు ఇవ్వకపోయినా జి.ఎస్.టి. నియమాలు ఒప్పుకొంటాయి, కాని మనం అడిగితే ఇచ్చి తీరవలెను.