తోకచుక్క వెంట పాత చందమామలు

1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో 'చందమామ' మొదలుపెట్టారు. మద్రాసు–విజయవాడ రైలు దారిలో ఉన్న గూడూరు, నెల్లూరు, కావలి పిల్లలకు అది పొరుగూరి పత్రికే.

1954లో అందులో 'తోకచుక్క' ధారావాహిక వచ్చింది. ఆ తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ. మాంత్రికులు, రాక్షసులు, శిథిల నగరాలతో నిండిన ఆ లోకాన్ని రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. కథల మీద ఆయన పేరు ఉండేది కాదు. బొమ్మల కింద మాత్రం చిత్రకారుడు 'చిత్ర' సంతకం కనిపించేది. బేతాళ కథలకు శంకర్ బొమ్మలు, ముఖచిత్రాలకు వడ్డాది పాపయ్య రంగులు.

అప్పట్లో ఈ ధారావాహికలు విడి పుస్తకాలుగా దొరికేవి కావు. అందుకే చాలా ఇళ్లలో ధారావాహిక పేజీలను నెలనెలా విడదీసి, వరుసగా పేర్చి, అట్ట వేయించి బైండు చేయించుకున్నారు. ఇలా దాచుకున్న బైండులు తొలి ముద్రణలను ఈ తరం దాకా మోసుకొచ్చాయి. అయితే విడదీసిన సంచికలు అసంపూర్ణమయ్యాయి. ముఖచిత్రం, ప్రకటనలు, ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీలతో సహా చెక్కుచెదరని సంచిక అంటే సేకర్తలకు అంత మక్కువ అందుకే.

నెల్లూరు తీరంలో పాత సంచికలను భద్రపరచడం మరింత కష్టం. ఉప్పుగాలికి కుట్టుపిన్నులు తుప్పుపడతాయి, ఆ మరక మధ్య పేజీల్లోకి పాకుతుంది. పిన్నులు మెల్లగా తీసి నూలుదారంతో కుట్టుకోవాలి, గాలి తగిలే అరలో పెట్టుకోవాలి.

దాసరి ధారావాహికలు తర్వాత పుస్తకాలుగా వచ్చాయి. కథ చదవడానికి అవి చాలు. చిత్ర బొమ్మను తొలిసారి అచ్చయిన రంగులో, అదే పేజీలో చూడాలంటే మాత్రం పాత సంచికే కావాలి.