‘దిద్దుబాటు’లో వ్యంగ్యం

గురజాడ అప్పారావు రాసిన ‘దిద్దుబాటు’ కథ 1910లో ‘ఆంధ్రభారతి’ పత్రికలో వెలువడింది. వేశ్య పాట విని రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరిన గోపాలరావుకు భార్య కమలిని బదులు ఆమె ఉత్తరం దొరుకుతుంది. తాను ఇంట్లో ఉండబట్టే భర్త అబద్ధాలాడవలసి వస్తోందనీ, ఆయన మేలు కోరి పుట్టింటికి వెళుతున్నాననీ అందులో ఉంటుంది.

పైకి అది ఇల్లాలి వినయం, లోపల చురక. నౌకరు రాముడి మాటలు వాడుక భాషలో సాగితే, ఉత్తరం గ్రాంథికంలో నడుస్తుంది. ఆ మర్యాదే మందలింపుకు పదును. చివరికి మంచం కింది నుంచి కమలిని నవ్వు, గాజుల చప్పుడు వినిపించాక ఉత్తరాన్ని మళ్లీ చదవాలి. ప్రతి వాక్యానికీ రెండో అర్థం తెలుస్తుంది. చదువుకున్న స్త్రీని కొనియాడే భర్తను ఆ చదువే దిద్దింది. ఈ కథలో వ్యంగ్యం అలంకారం కాదు, సంస్కరణ సాధనం.