రెజిలియన్స్: ఒక మాట చరిత్ర

భాష ఏ ఒక్క వర్గానికీ సొత్తు కాదు. కాని ఒక మాటను ఎవరు, ఎవరిని ఉద్దేశించి, ఎందుకు వాడుతున్నారన్న ప్రశ్న వచ్చేసరికి వర్గప్రయోజనం బయటపడుతుంది. ‘రెజిలియన్స్’ అనే ఇంగ్లీషు మాట ఇందుకు మంచి ఉదాహరణ. దెబ్బ తగిలితే వంగి, మళ్లీ లేచి నిలిచే గుణమని నేడు దాని అర్థం.

దీనికి మూలం లాటిన్. ‘సలీరె’ అంటే దూకడం. ‘రెసిలీరె’ అంటే వెనక్కు దూకడం. 17వ శతాబ్దంలో ఫ్రాన్సిస్ బేకన్ ప్రతిధ్వనిని గురించి రాస్తూ ఈ మాట వాడాడు. అదే ధాతువు నుంచి పుట్టిన ‘రిసైల్’ న్యాయస్థానానికి చేరింది. ఒప్పందం నుంచి వెనక్కు తగ్గడం దాని అర్థం. సాక్షి తన వాఙ్మూలం నుంచి తప్పుకున్నప్పుడు మన కోర్టులు నేటికీ ఆ మాటే వాడతాయి.

పారిశ్రామిక విప్లవం ఈ మాటకు కొత్త పని అప్పగించింది. ఏ లోహం, ఏ కలప ఎంత తాకిడికి ఆగుతుందో లెక్క కావలసివచ్చింది. 1807లో అచ్చయిన ఉపన్యాసాల్లో థామస్ యంగ్, ఒత్తిడిని ఎదిరించే శక్తిని బలమనీ, హఠాత్తుగా తగిలే తాకిడిని ఎదిరించే శక్తిని రెజిలియన్స్ అనీ వేరుచేశాడు. ఇంజనీరు లెక్కలో ఈ గుణానికి ఎప్పుడూ ఒక హద్దు ఉంటుంది. అది దాటితే ఇనుము మొదటి రూపానికి రాదు. వంగినది వంగినట్టే ఉండిపోతుంది.

1973లో కెనడా శాస్త్రజ్ఞుడు హోలింగ్ ఈ భావాన్ని అడవులకు, సరస్సులకు అన్వయించాడు. ఆయనకూ హద్దే ముఖ్యం. ఎంత తాకిడి వరకు ప్రకృతి వ్యవస్థ నిలుస్తుంది, ఎక్కడ మరొకటిగా మారిపోతుంది అన్నదే ఆయన ప్రశ్న.

2004 డిసెంబరు సునామీ తరువాత కొద్ది వారాలకే, 2005 జనవరిలో, జపానులోని కోబెలో ఐక్యరాజ్యసమితి మహాసభ జరిగింది. అక్కడ ఆమోదించిన ప్రణాళిక పేరులోనే ఈ మాట చోటుచేసుకొంది. విపత్తులను తగ్గించవలసిన ప్రభుత్వాల బాధ్యతను కూడా ఆ ప్రణాళిక చెప్పింది. కాని మాట వ్యాపించినకొద్దీ బాధ్యత చాటుకు పోయింది; ప్రజల ఓర్పును పొగడడం మిగిలింది. వరదలో ఇల్లు పోయినవాణ్ణీ, పని పోయిన కార్మికుణ్ణీ ‘నీలో నిలదొక్కుకొనే శక్తి ఉంది’ అని మెచ్చుకుంటే, కట్ట ఎందుకు తెగిందో, పని ఎవరు తీసేశారో అడిగే అవసరం ఉండదు.

ఒకే ధాతువుకు రెండు సంతానాలు: వాగ్దానం నుంచి ‘రిసైల్’ అయ్యే హక్కు పాలకులకు, ‘రెజిలియన్స్’ చూపే కర్తవ్యం ప్రజలకు! ఇనుముకు ఒప్పుకొన్న హద్దును మనిషికి ఒప్పుకోరా? తెగేదాకా లాగకూడదని మన సామెత. ఆ హద్దు ఎక్కడో చెప్పవలసింది లాగేవాడు కాదు, లాగబడేవాడు.