పారేసిన పెట్టెలు, పదునెక్కిన చేతులు

స్పిట్స్‌బెర్గెన్‌లో చెట్టు పెరగదు. ఉత్తరాన 78 డిగ్రీల అక్షాంశం దగ్గరున్న ఆ దీవిలో నేల లోతున ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. వేసవిలో సూర్యుడు అస్తమించడు, చలికాలంలో ఉదయించడు. 1906లో అమెరికా వ్యాపారి జాన్ మన్రో లాంగ్‌ఇయర్ అక్కడ బొగ్గు తవ్వించడానికి కంపెనీ పెట్టాడు. గనిలో పనిచేసేవాళ్లకు తిండీ బట్టా, సబ్బులూ పనిముట్లూ అన్నీ ఓడలో రావలసిందే. వచ్చిన సరుకంతా చెక్క పెట్టెల్లో వచ్చేది. సరుకు అయిపోయాక పెట్టె మిగిలేది.

ఆ పెట్టెల విలువ కనిపెట్టినావిడ పేరు లూయీజ్ బ్రిగమ్. ఆ రోజుల్లో వేసవికి స్నేహితుల ఇంటికని ఆ గని ఊరికి వెళ్లింది. ఇంట్లో సామాను అంతంత మాత్రం. కొనుక్కుందామంటే దుకాణం లేదు. ఖాళీ పెట్టెలు విప్పి, ఆ చెక్కలతోనే బల్లలు, అరలు, కుర్చీలు తయారుచేసింది. పాత చెక్కకు సొంత చేతులతో కొత్త రూపం ఇవ్వడం ఇవాళ లక్షలమందికి ఇష్టమైన వ్యాపకం. దాని చరిత్ర రాయబోతే నేను ఈ దీవి నుంచే మొదలుపెడతాను.

బ్రిగమ్ 1875లో బోస్టన్‌లో పుట్టింది. న్యూయార్కులో కళ చదువుకుంది. తర్వాత క్లీవ్‌లాండ్‌లో పేదల వాడల్లో సేవాపనికి దిగింది. పొట్ట చేతపట్టుకుని ఐరోపా నుంచి వచ్చిన కుటుంబాలు ఇరుకు గదుల్లో, కూర్చోవడానికి పీట కూడా లేకుండా బతుకుతున్న కాలం అది. వాళ్లకు మంచి సామాను కొనే తాహతు లేదు. చవకగా దొరికే నాసిరకం కొంటే ఏడాది తిరక్కుండానే ఊగిపోయేది. కిరాణా కొట్టు వెనక పడి ఉండే సబ్బు పెట్టెలు మాత్రం దాదాపు ఉచితం.

1909లో న్యూయార్కులో ఆమె పుస్తకం ‘బాక్స్ ఫర్నిచర్’ అచ్చయింది. ఇంటికి పనికొచ్చే 100 వస్తువులు ఎలా చేయాలో అందులో ఉంది. బొమ్మలు వేసిన ఎడ్వర్డ్ ఆషర్‌మన్ వియన్నాలో వాస్తుశిల్పి జోసెఫ్ హాఫ్‌మన్ దగ్గర చదువుకున్నవాడు. ఆ వియన్నా పాఠం పుస్తకంలో స్పష్టంగా కనిపిస్తుంది. పెట్టె చెక్కలు తిన్నగా, సన్నగా ఉంటాయి. వాటిని వంచలేం, చెక్కడాలు పెట్టలేం. అందుకే ఆమె వస్తువులన్నీ సూటి గీతలు, చతురస్రాలు, వరుసగా దిగిన పట్టీలు. హాఫ్‌మన్ వంటి వాళ్లు ఇష్టపడి ఎంచుకున్న రూపం ఈమెకు చెక్క స్వభావం వల్లే దొరికింది. పేదవాడి బల్ల చూడ్డానికి కూడా బాగుండాలన్న పట్టుదల ఆమెది. ఆమెలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం అదే.

పెట్టె విప్పడమే ఒక విద్య. దాని రెండు తలల్లోనూ మందపాటి చెక్కలుంటాయి, పక్కలకు పలచటివి కొడతారు. బయట నుంచి ఉలో స్క్రూడ్రైవరో దూర్చి పెళ్లగిస్తే పలచటి చెక్క మేకు దగ్గర నిలువునా చీలిపోతుంది. లోపలి నుంచి, మధ్యలో ఒక చెక్కముక్క అడ్డుపెట్టి, చిన్న దెబ్బలతో కొట్టాలి. జాయింటు వెంట్రుకవాసి వదులవగానే పలకను మళ్లీ వెనక్కి కొడితే మేకు తలలు పైకి లేస్తాయి. వాటిని పట్టకారుతో లాగాలి. వంగిన మేకును రాతి మీద పెట్టి తిన్నగా చేస్తే మళ్లీ పనికొస్తుంది. మేకులు దిగిన చివరలు ఎలాగూ చిల్లులు పడి ఉంటాయి కనుక, కోత పెట్టేటప్పుడు ఆ అంగుళం వదిలేసి కొలవాలి.

పుస్తకంతో ఆమె ఆగలేదు. న్యూయార్కు తూర్పు వాడల మగపిల్లలకు ఈ పని నేర్పడానికి హోమ్ థ్రిఫ్ట్ అసోసియేషన్ అనే సంస్థ పెట్టింది. పిల్లవాడు తన చేత్తో చేసిన వస్తువు తన ఇంట్లోనే వాడకానికి వచ్చేది. తరగతులు నడవడానికి నగర పాలకులు ఇచ్చిన చోటు గ్రేసీ మాన్షన్. అప్పట్లో అది పార్కులో ఆలనాపాలనా లేని పాత భవనం. 1942 నుంచి అదే న్యూయార్కు మేయర్ అధికార నివాసం. వలస కూలీల పిల్లలు సబ్బు పెట్టెలు కోసిన చోట ఇప్పుడు నగర ప్రథమ పౌరుడు ఉంటున్నాడు.

1915 ప్రాంతంలో ఆమె హోమ్ ఆర్ట్ మాస్టర్స్ అనే కంపెనీ కూడా మొదలుపెట్టింది. విడిభాగాలుగా చేసిన సామానును ఇంటికి పంపేవారు, కొన్నవాళ్లే బిగించుకునేవారు. ఈ ఊహ ఎక్కడికి దారితీసిందో మనకు తెలుసు. స్వీడన్‌కు చెందిన ఐకియా 1956లో లోవెట్ అనే మూడు కాళ్ల చిన్న బల్లను, కాళ్లు విడిగా పెట్టి, అట్టపెట్టెలో అమ్మింది. బ్రిగమ్ చనిపోయిందీ ఆ ఏడాదే. ఐకియా మన దేశంలో మొదటి దుకాణం తెరిచింది హైదరాబాదులో, 2018 ఆగస్టులో. అక్కడ అట్టపెట్టె కొని తెచ్చి ఇంట్లో స్క్రూలు బిగించుకునే మన కుర్రాళ్లకు ఈవిడ పేరు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆమె తర్వాత ఈ దారిలో వచ్చిన వాళ్లలో ఇద్దరిని తప్పక చెప్పుకోవాలి. ఆర్థిక మాంద్యం రోజుల్లో, 1934లో, డచ్చి వాస్తుశిల్పి గెరిట్ రీట్‌వెల్డ్ సరుకు పెట్టెలకు వాడే రకం చెక్కతోనే కుర్చీ గీశాడు. మెట్స్ అనే కంపెనీ దాన్ని చవకగా, విడి పలకలుగా అమ్మింది. ఇటలీకి చెందిన ఎంజో మారి 1974లో మరో అడుగు ముందుకేశాడు. మామూలు పలకలూ మేకులతో 19 వస్తువుల నమూనాలు గీసి, తపాలా ఖర్చు పంపినవాళ్లందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఎవరికివాళ్లు చేసుకోవచ్చు, ఫ్యాక్టరీలూ వ్యాపారులూ మాత్రం వాడకూడదు. సొంతంగా ఒక్క బల్ల చేసినవాడు ఆ తర్వాత దుకాణంలో ఏ బల్ల చూసినా దాని మంచీచెడూ పట్టుకోగలడన్నది ఆయన నమ్మకం. తర్వాత బెర్లిన్‌లో కుకుల అనే సంస్థలో ఆఫ్రికా నుంచి వచ్చిన శరణార్థి యువకులు ఆయన అనుమతితో ఆ నమూనాలు చేసి అమ్మారు. వాటిలో కొన్నింటికి వాళ్లు వాడింది శరణార్థుల పడవల చెక్క.

మన ఇళ్లలో పరిస్థితి వేరు. మనకు మిగిలేది పెట్టె చెక్క కాదు, టేకు. పెంకుటిల్లు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, గుమ్మాలు, తలుపు రెక్కలు; అపార్టుమెంటు మెట్ల మీదుగా ఎక్కని పందిరి మంచం; అటక మీది ఉయ్యాల బల్ల. ఏళ్ల తరబడి ఆరిన ఈ కలప వంకర పోవడమూ, బీటలివ్వడమూ అరుదు. ఇవాళ కొత్తగా కొంటే దొరికేది చాలావరకు పొట్టు, జిగురు కలిపి అచ్చుపోసిన బోర్డు. నీళ్లు తగిలితే ఉబ్బిపోతుంది. అయినా పాత మంచం తూకానికి పోయి, దాని స్థానంలో బోర్డు మంచం వస్తోంది. ఇంతకన్నా నష్టపు బేరం లేదు.

అయితే పాత చెక్క పట్టుకునే ముందు కొన్ని సంగతులు తెలియాలి. గోడౌన్ల దగ్గర దొరికే, సరుకు పేర్చే చెక్క ప్యాలెట్ల మీద ఒక ముద్ర ఉంటుంది. దేశాల మధ్య తిరిగే చెక్క వెంట పురుగు రాకుండా శుద్ధి చేశారనే గుర్తు అది. అందులో ‘హెచ్‌టీ’ అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, నిశ్చింతగా వాడుకోవచ్చు. ‘ఎంబీ’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. దాన్ని ఇంట్లోకి తేవద్దు. పాత తలుపు మీద రంగు ఉంటే ఇంకా జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు పూసిన రంగును పొడిగా గీకితే ఆ దుమ్ము పసిపిల్లల మెదడుకు చేటు. తడిపి, మాస్కు కట్టుకుని, పిల్లలు లేని చోట రుద్దాలి. చెక్కలో సన్నటి చిల్లులుండి, తట్టినప్పుడు మెత్తటి పిండి రాలుతుంటే లోపల పుచ్చు పురుగు ఇంకా బతికే ఉండవచ్చు. ముందు దాని సంగతి చూశాకే మిగతా పని.

కుర్చీ ఊగుతుంటే పక్కన మేకు కొట్టడం అందరూ చేసే పొరపాటు. మేకు ఆ చెక్కను చీలుస్తుంది. కుసి ఊడదీసి, పాత జిగురు గీకి, కొత్త జిగురు పట్టించి, తాడుతో బిగించి ఒక రాత్రి ఉంచితే కుర్చీ మళ్లీ నిలబడుతుంది. తలుపు రెక్కను బల్ల చేసుకోండి, పాత కిటికీ చట్రంలో అద్దం బిగించుకోండి. టేకు మీద తెల్ల రంగు మాత్రం పూయకండి. గరుకు కాగితంతో రుద్ది నూనె పట్టిస్తే చాలు, రేఖలు పైకి తేలతాయి. కుసులు గట్టిగా ఉన్న పందిరి మంచాన్ని కోసి దీపస్తంభాలు చేయడాన్ని నేను కొత్త జీవం అనను. విరిగినదాన్ని మార్చండి, బాగున్నదాన్ని బాగుచేసి వాడండి. మీ ఊళ్లో ముసలి వడ్రంగి ఉంటే ముందు ఆయన్ను పిలిచి చూపించండి. కూలి ఇచ్చి, పక్కనే కూర్చుని నేర్చుకోండి.

బ్రిగమ్ పుస్తకం కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. కొలతలన్నీ అంగుళాల్లోనే ఉన్నాయి, మన వడ్రంగులు ఇప్పటికీ కొలిచేదీ అంగుళాల్లోనే. వేసవి సెలవుల్లో మీ పిల్లల చేత అందులో ఒక చిన్న అర చేయించండి.