కృత్రిమ కంటి కటకపు సామర్థ్య గణన

శుక్లం శస్త్రచికిత్సలో మసకబారిన సహజ కటకాన్ని తీసివేసి, ఆ స్థానంలో అమర్చే కృత్రిమ కటకానికి ఎంత సామర్థ్యం ఉండాలో ముందుగా నిర్ణయించడాన్ని కటక సామర్థ్య గణన అంటారు. సామర్థ్యానికి ప్రమాణం డయాప్టర్. ఈ లెక్క తప్పితే, శస్త్రచికిత్స ఎంత నేర్పుగా జరిగినా రోగికి అద్దాలు లేకుండా స్పష్టమైన చూపు రాదు. కావలసిన దానికంటే ఎక్కువ సామర్థ్యం గల కటకం పెడితే హ్రస్వదృష్టి, తక్కువది పెడితే దీర్ఘదృష్టి ఏర్పడతాయి. కృత్రిమ కటకం సహజ కటకంవలె ఆకారం మార్చుకోలేదు గనుక రెండవదే ఎక్కువ ఇబ్బంది. దూరమూ దగ్గరా రెండూ మసకగానే ఉంటాయి. అందుచేత చాలామంది వైద్యులు స్వల్ప హ్రస్వదృష్టి వైపే మొగ్గు చూపుతారు.

చరిత్ర

1949 నవంబరు 29న లండన్ నగరంలోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారిగా కృత్రిమ కటకాన్ని అమర్చాడు. సహజ కటకపు వంపులను అనుసరించి ఆ కటకాన్ని తయారుచేశారు. కాని దానికి వాడిన ప్లాస్టిక్ వక్రీభవన గుణకం (1.49) సహజ కటకం కంటే ఎక్కువ. ఫలితంగా ఆయన తొలి రోగులకు తీవ్రమైన హ్రస్వదృష్టి వచ్చింది. 1967లో సోవియట్ వైద్యుడు ఫ్యోదొరోవ్, కంటి కొలతల ఆధారంగా ఒక సూత్రాన్ని ప్రచురించాడు. 1980లో శాండర్స్, రెట్జ్‌లాఫ్, క్రాఫ్‌లు వేలకొద్దీ కళ్ళ ఫలితాలను క్రోడీకరించి సులభమైన సూత్రం ఇచ్చారు. వారి పేర్ల తొలి అక్షరాలతో దానిని ఎస్.ఆర్.కె. సూత్రం అంటారు:

కటక సామర్థ్యం = ఎ − (2.5 × కంటి పొడవు) − (0.9 × కార్నియా సామర్థ్యం)

ఇందులో 'ఎ' అనేది కటకపు రకాన్ని బట్టి మారే స్థిరాంకం. అది 118.4, కంటి పొడవు 23.5 మిల్లీమీటర్లు, కార్నియా సామర్థ్యం 44 డయాప్టర్లు అనుకుంటే ఫలితం 20.05, అంటే 20 డయాప్టర్ల కటకం సరిపోతుంది. అదే కన్ను పొడవును పొరపాటున 22.5గా కొలిస్తే ఫలితం 22.55 అవుతుంది! అతి పొట్టి, అతి పొడవు కళ్ళలో ఈ సూత్రం సరిగా పనిచేయదు గనుక ఇప్పుడు దీనిని దాదాపు వాడడం లేదు. అయినా విద్యార్థులకు విషయం అర్థం కావడానికి ఇంతకంటే తేలికైనది లేదు.

కొలతలు

కంటి పొడవును తొలుత అతిధ్వనులతో కొలిచేవారు. పరికరపు కొన కార్నియాను కొద్దిగా నొక్కినా కన్ను పొట్టిగా కనిపించి, అవసరానికి మించిన కటకం ఎంపికవుతుంది. నీటి మాధ్యమం ద్వారా కొలిస్తే ఈ దోషం ఉండదు. 1999లో వచ్చిన ఐఓఎల్ మాస్టర్ అనే పరికరం కంటిని తాకకుండా కాంతితోనే కొలుస్తుంది. అయితే బాగా ముదిరిన శుక్లం గుండా కాంతి పోదు. భారతదేశపు పల్లెల్లో ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చేవారు ఎక్కువ కాబట్టి ఇక్కడ అతిధ్వని పద్ధతి అవసరం ఇంకా తీరలేదు.

కటకం నిలిచే చోటు

ఎంత బాగా కొలిచినా ఒక విషయం ముందుగా తెలియదు. గాయం మానిన తరువాత కటకం కార్నియా వెనుక ఎంత లోతులో స్థిరపడుతుందో ఊహించవలసిందే. హాలడే, హాఫర్ క్యూ, హైగిస్, బారెట్ వంటి సూత్రాల మధ్య ప్రధానమైన తేడా ఈ ఊహలోనే ఉంది. 1992లో ఓల్సెన్ విశ్లేషణ ప్రకారం మొత్తం దోషంలో 54 శాతానికి కంటి పొడవు కొలతే కారణం. 2008లో నోర్బీ లెక్కలో అది 17 శాతానికి తగ్గింది. కటక స్థానపు అంచనా 35 శాతంతో మొదటి స్థానానికి వచ్చింది. 2009లో బ్రిటన్‌లో సూచించిన ప్రమాణం ప్రకారం 85 శాతం కళ్ళలో తేడా ఒక డయాప్టరులోపు, 55 శాతం కళ్ళలో అర డయాప్టరులోపు ఉండాలి.

లేసిక్ చేయించుకున్న కళ్ళు

హ్రస్వదృష్టికి లేసిక్ చేయించుకున్నవారిలో కార్నియా ముందు వంపు మాత్రమే మారుతుంది, వెనుక వంపు మారదు. సాధారణ పరికరాలు ముందు వంపును మాత్రమే కొలిచి మిగతాది ఊహిస్తాయి. అందువలన కార్నియా సామర్థ్యం ఎక్కువగా కనిపించి, తక్కువ సామర్థ్యం గల కటకం ఎంపికై దీర్ఘదృష్టి వస్తుంది. 1990లలో లేసిక్ చేయించుకున్నవారు ఇప్పుడు శుక్లం వచ్చే వయసుకు చేరుతున్నారు. వీరికోసం ప్రత్యేక సూత్రాలున్నాయి. అప్పటి కొలతల కాగితాలు భద్రపరచుకున్నవారు వాటిని వైద్యునికి చూపించడం మంచిది.