రాగిరేకు మొదలు గాజుపలక దాకా

పలక అంటే మన చిన్నప్పుడు చెక్క చట్రంలో బిగించిన నల్లరాతి పలక. బలపంతో రాయడం, తడిగుడ్డతో తుడిచెయ్యడం. రాసింది నిలవదన్న చింత ఉండేదేమో గానీ, రాసి ఉన్నది కంటికి ఆనకపోవడమన్న చింత ఆ పలకతో లేదు. ఇప్పుడు ఇళ్ళల్లోకి గాజు పలక వచ్చింది. ట్యాబ్ అంటున్నాం. చేతిలో ఇమిడిపోతుంది, కడుపులో వెయ్యి పుస్తకాలు దాచుకుంటుంది. అంతా బాగానే ఉంది గానీ దీనికి ఒక గుణం ఉంది. కొన్ని ఫైళ్ళు ఇస్తే తీసుకుంటుంది, కొన్ని ఇస్తే మూతి ముడుచుకుంటుంది. "ఇది తెరవడం కుదరదు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. కాస్త మొహమాటం ఉంటే తెరుస్తుంది, కానీ తెలుగు ఉండవలసిన చోట ఖాళీ గళ్ళూ, ప్రశ్నార్థకాలూ, తలాతోకా లేని ఇంగ్లీషు అక్షరాలూ పేర్చి చూపిస్తుంది.

ఇది కంప్యూటర్ల వాళ్ళ గొడవ, మనకెందుకమ్మా అనకండి. రాసింది భద్రంగానే ఉండీ చదవడానికి అందకపోవడమనే చిక్కు కంప్యూటర్లతో పుట్టింది కాదు. మన తిరుపతి కొండ మీద దానికి కొన్ని వందల ఏళ్ళ చరిత్ర ఉంది.

తాళ్ళపాక అన్నమాచార్యులు 1408లో పుట్టి 1503లో స్వామిలో కలిసిపోయారు. ఆయన ముప్పై రెండు వేల సంకీర్తనలు చెప్పారని మనవడు చిన్నన్న ద్విపదలో రాసి పెట్టాడు. పాటలు మొదట తాటాకు మీదికి ఎక్కాయి. తాటాకు సంగతి మీకు తెలియనిదేముంది? చెద తింటుంది, చెమ్మకు చీకిపోతుంది, పెళుసెక్కి విరిగిపోతుంది. అందుకని కొడుకు పెద తిరుమలాచార్యుల కాలంలో వాటిని రాగిరేకుల మీద చెక్కించారు. సాధారణంగా రేకుకు ఆరేసి పాటలు. అలాంటివి వేల కొద్దీ రేకులు. వాటిని గుళ్ళోనే ఒక రాతి గదిలో పెట్టారు. సంకీర్తన భండారమని దానికి పేరు. అన్నమయ్య ఏ ఏడు పాడడం మొదలుపెట్టారో, ఏ తిథినాడు పోయారో మనకు తెలిసింది కూడా ఒక రేకు మీది రాత వల్లే.

తాటాకు నుంచి రాగికి! ఈ రోజుల్లో పిల్లలు "పాత ఫార్మాట్ నుంచి కొత్త ఫార్మాట్‌కి మార్చాం" అంటారే, ఆ పనే ఇది. తండ్రి చెప్పిన పాట పాడైపోకూడదని ఒక కొడుకు తన కాలంలో దొరికే అన్నిటికంటే గట్టి సరుకు మీదికి దాన్ని ఎక్కించాడు. ఎంత ముందుచూపు! కానీ తర్వాత ఏమైంది? విజయనగర రాజ్యం పోయింది, ఆదరించే చేతులు మారాయి, పాడే వంశం పలచబడింది. భండారం గుళ్ళోనే ఉంది, రేకులు భండారంలోనే ఉన్నాయి, రోజూ వేల మంది ఆ చుట్టుపక్కలే నడిచి వెళ్ళారు. పాట మాత్రం వినపడలేదు.

ఆ రేకులను ఎవరూ చూడనే లేదనుకుంటే పొరపాటు. ఎ.డి. కాంప్‌బెల్ అనే కుంపిణీ ఉద్యోగి తెలుగు వ్యాకరణం ఒకటి ఇంగ్లీషులో రాసి 1816లో అచ్చు వేయించాడు. తిరుపతి గుళ్ళో ఉన్న రాగిరేకుల మాట ఆ పుస్తకం పీఠికలో ఉంది. వాటిలో ప్రాచీన వ్యాకరణాలేమైనా ఉంటాయేమోనని ఆయనకు ఆశ. తీరా వెతికిస్తే, ఆ రాశిలో ఉన్నవి దాదాపుగా దేవుడి మీది స్తుతి గీతాలేనని తేలింది. వ్యాకరణ గ్రంథం ఒక్కటి మాత్రం దొరికితే దానికి నకలు తీసుకున్నారు. అంతే, ఆ ప్రస్తావన అక్కడితో సరి.

నాకైతే మొత్తం కథలో ఈ ఘట్టమే మనసుకు పట్టుకుంటుంది. మూత తెరుచుకుంది, అక్షరం కనపడింది, ఇవి పాటలని కూడా తెలిసింది. అయినా ఇంకో నూరేళ్ళకు పైగా ఎవరికీ పట్టలేదు. తెరవడం వేరు, ఇది మనదని గుర్తుపట్టడం వేరు.

1920ల్లో దేవస్థానం శాసనాల పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారి దృష్టి ఆ రేకుల మీద పడిన తరువాతే కథ మళ్ళీ కదిలింది. 1935లో తాళ్ళపాక వారి రచనలు అచ్చులోకి రావడం మొదలైంది. 1939లో తిరుపతిలో ప్రాచ్య పరిశోధన సంస్థ ఏర్పడింది. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ఆ చిన్నన్న ద్విపదను, అంటే అన్నమాచార్య చరిత్రను, పరిష్కరించి 1949లో వెలువరించారు. తర్వాత రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు వచ్చారు.

చదవడం మాటలతో అయ్యే పని కాదు. నాలుగు వందల ఏళ్ళ నాటి లిపి. మాటకూ మాటకూ నడుమ ఎడం లేదు, గొలుసు కట్టినట్టు అక్షరాలు. అరసున్నలు, బండిర, చెక్కినవాడి చెయ్యి జారిన తప్పులు. పైగా ఆనాటి జనం నోట ఆడిన పలుకుబడి. సరే, పండితులు ఓపిక పట్టి చదివారు. అప్పుడు ఇంకో చిక్కు ఎదురైంది. ప్రతి పాట మీదా రాగం పేరు ఉంది. సామంతం, సాళంగనాట, కొండమలహరి, రామక్రియ, ఇలా. ఆ రేకుల మీద తాళం లేదు, స్వరం లేదు. అంటే సాహిత్యం తెరుచుకుంది, సంగీతం తెరుచుకోలేదు.

స్వరం ఎందుకు చెక్కలేదు? అప్పుడు అది అందరికీ తెలుసు గనక! తాళ్ళపాక వారింట్లో పసిపిల్లలక్కూడా ఆ వరస తెలిసే ఉంటుంది. తెలిసినదాన్ని ఎవరు రాసి పెడతారు? మన అవ్వల వంటలే చూడండి. "ఉప్పు తగినంత, చింతపండు పులుసుకు సరిపడా" అంటారు. ఆ తగినంత ఎంతో అవ్వ చేతికి తెలుసు. అవ్వ పోయాక కాగితం మిగులుతుంది, పులుసు మిగలదు. ఇంట్లో ప్రతివాళ్ళకూ తెలిసిన సంగతినే ఎవరూ రాయరు. ముందుగా పోయేదీ అదే.

అందుకే రాళ్ళపల్లి వారు నూరుకు పైగా కీర్తనలకు తామే కొత్తగా వరసలు కట్టవలసి వచ్చింది. బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారలు ఆ దారిని విశాలం చేశారు. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. ఆ వెంటనే సుబ్బులక్ష్మి గారి బాలాజీ పంచరత్నమాల గ్రామఫోను రికార్డులు వచ్చాయి. ఈ రోజు మనం వింటున్న వరసల్లో చాలా భాగం అన్నమయ్య వరసలు కావు, ఈ మహానుభావులు కట్టినవి. బంగారం లాంటి వరసలే, కాదనను. అయినా అసలుది పోయింది.

ఇప్పుడు మళ్ళీ గాజు పలక దగ్గరికి వద్దాం. ఇక్కడా కథ అదే.

కంప్యూటరు మన ఊళ్ళకు వచ్చిన కొత్తలో దానికి తెలుగు రాదు. వచ్చిందల్లా ఇంగ్లీషు అక్షరాలు, వాటి నంబర్లు. మనవాళ్ళు ఊరుకుంటారా? ఒక ఉపాయం పన్నారు. చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం ఆడతారు కదా! పగలు మడకపట్టే మనిషి రాత్రి కిరీటం, భుజకీర్తులు పెట్టుకుంటే అర్జునుడు. తపస్సు మాను ఎక్కుతుంటే ఆడవాళ్ళం చేతులెత్తి దండం పెడతాం. తెలుగు ఫాంట్లు కూడా అట్లాంటి వేషాలే. లోపల ఉన్నది ఇంగ్లీషు 'ఎ'నో 'బి'నో. పైన ఫాంటు అనే కిరీటం పెడితే 'అ'గానో 'క'గానో కనపడుతుంది. వేషం పెట్టె ఆ కంప్యూటర్లో ఉన్నంతవరకూ అంతా శోభాయమానం. అదే ఫైలును వేషం పెట్టె లేని ట్యాబ్‌లోకి పంపితే, అర్జునుడు పోయి మామూలు మనిషి నిలబడతాడు. మనకు కనపడే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు అవే. పైగా ఒక్కో కంపెనీది ఒక్కో వేషం, ఒక్కో నంబర్ల వరస. ఒకరి కిరీటం ఇంకొకరికి పట్టదు.

ఆ ఫాంట్లకు తోడు పేజ్‌మేకర్. 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చింది, 1994లో అడోబీ చేతికి వెళ్ళింది, 2001లో వచ్చిన ఏడో వెర్షనే చివరిది. మన తెలుగు పత్రికలు, నవలలు, పెళ్ళి శుభలేఖలు, వ్రతకథలు ఎన్ని దాని మీద తయారయ్యాయో లెక్క లేదు. ఆ సాఫ్ట్‌వేర్ ఆగిపోయాక కూడా డీటీపీ సెంటర్లలో ఏళ్ళ తరబడి అదే నడిచింది. ఆపరేటర్ల చేతులు దానికి అలవాటు పడ్డాయి మరి.

ఈలోగా ప్రపంచం ఇంకో దారి పట్టింది. 1991లో యూనికోడ్ మొదటి వెర్షన్ వచ్చింది. అందులోనే తెలుగు అక్షరాలకు సొంత నంబర్లు ఇచ్చారు. ఇక్కడ 'అ' అంటే 'అ'యే, అద్దె వేషం కాదు. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా వచ్చింది. ఇప్పుడు మన ఫోన్లూ ట్యాబ్‌లూ చదివేది ఈ తెలుగునే. దీనికీ బాలారిష్టాలు తప్పలేదనుకోండి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరాన్ని ఒక విధమైన కూర్పుతో పంపిస్తే ఐఫోన్లు, ఐప్యాడ్‌లు తట్టుకోలేక కుప్పకూలాయి. దేశదేశాల పత్రికలు రాశాయి. జ్ఞానానికి మొదటి అక్షరమే మింగుడు పడలేదన్నమాట! ఆ నెలలోనే ఆపిల్ వాళ్ళు సరిచేశారు.

కాబట్టి తెరుచుకోని ఫైలుకు మూడు తాళాలు. ఒకటి పెట్టె, అంటే పేజ్‌మేకర్ లాంటిది. రెండోది నంబర్ల వరస. మూడోది వేషం. ఏ తాళం పడిందో తెలిస్తే తాళంచెవి వెతుక్కోవచ్చు. ఫైలు పేరు చివర ఉండే మూడక్షరాలు మార్చి చూడమని కొందరు సలహా ఇస్తారు. అది నమ్మకండి. జాడీకి ఆవకాయ అని చీటీ అంటిస్తే లోపలి నిమ్మకాయ ఆవకాయవుతుందా?

పాత పేజ్‌మేకర్, పాత ఫాంటు ఇంకా ఉన్న డీటీపీ సెంటర్ మీ ఊళ్ళో దొరికితే అదృష్టం. అక్కడ తెరిపించి, ఫాంటు లోపలే ఇమిడేటట్టు పీడీఎఫ్ చేయించుకోండి. వేషం ఒంటికి కుట్టేసినట్టు, ఏ ట్యాబ్‌లోనైనా అర్జునుడు అర్జునుడిగానే కనపడతాడు. ఆ సాఫ్ట్‌వేర్ దొరక్కపోతే, ఉచితంగా లభించే లిబ్రె ఆఫీస్ 2015 నుంచి పేజ్‌మేకర్ ఫైళ్ళు తెరవగలుగుతోంది. కంప్యూటర్లో ఒకసారి ప్రయత్నించి చూడవచ్చు. ఇక అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలూ ఉన్నాయి. కానీ మార్చాక ఒత్తులు జారతాయి, దీర్ఘాలు తప్పిపోతాయి. ఆ మాట తెలిసిన మనిషి కూర్చుని పంక్తి పంక్తి సరిచూడాలి. వేటూరి వారు చేసిన పని చిన్న ఎత్తున మనమూ చెయ్యాలన్నమాట.

ఇదంతా ఎవరి కోసం అంటారా? మనింట్లో ఎక్కడో ఒక బీరువా అరలో ఒక సీడీ ఉండే ఉంటుంది. మామగారు పదవీ విరమణ తర్వాత రాసుకున్న స్వీయచరిత్రో, మేనత్త సేకరించి టైపు చేయించిన మంగళహారతులో, అచ్చుకు ఎక్కని నవలో. సీడీ మీద గీత పడకుండా గుడ్డలో చుట్టి పెడతాం. భద్రంగా ఉందనుకుంటాం. రాగిరేకులు కూడా భద్రంగానే ఉన్నాయి కదమ్మా! భద్రత ఒక్కటే చాలితే నాలుగు వందల ఏళ్ళు ఆ పాటలు మూగపోయేవి కావు.

పైగా రాగికి ఉన్న ఆయుష్షు సీడీకి లేదు. నాలుగు వందల ఏళ్ళు ఆగిన రేకును మళ్ళీ చదవగలిగారు. నలభై ఏళ్ళు ఆగిన సీడీని ఎవరు చదువుతారు? ఆ ఫైలు ఏ ఫాంటులో కొట్టారో ఎక్కడా రాసి ఉండదు. కొట్టిన ఆపరేటర్‌కు తెలుసు. అతనికి తెలుసు గనకనే రాయలేదు. ఆ మంగళహారతి ఏ వరసలో పాడాలో కాగితం మీద ఉండదు. మేనత్తకు తెలుసు.

ఈ రోజు తాళ్ళపాక వారి సంపుటాలను దేవస్థానం వాళ్ళు ఉచితంగా పీడీఎఫ్‌లుగా అందిస్తున్నారు. వంటింటి గట్టు మీద ట్యాబ్ నిలబెట్టుకుని, పప్పు ఉడికే లోపల ఓ పాట చదువుకోవచ్చు. తాటాకు, రాగి, కాగితం, గాజు, ఇన్ని దాటుకుని వచ్చిందది. దాటించింది పెట్టెలు కాదు, ప్రతి మలుపులోనూ ఒకరు కూర్చుని ఇది మనదని గుర్తుపట్టి ఎత్తి రాసుకోవడం. బీరువాలోని సీడీకి కూడా అలాంటి మనిషి ఒకరు కావాలి. ఆపరేటర్ ఇంకా అంగడి మూసెయ్యకముందే, మేనత్త గొంతు ఇంకా పలుకుతుండగానే కావాలి.