సర్వర్ ఆగినా ఆగని ఆట

ఆన్‌లైన్ ఆటలో మన కంప్యూటర్లో ఉండేది సగమే. బొమ్మలు, మ్యాపులు, శబ్దాలు మన దగ్గరుంటాయి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏ దెబ్బ ఎంత తగిలింది, ఎవరి ఖాతాలో ఏముంది అనే లెక్కంతా కంపెనీ సర్వర్ చూస్తుంది. అది కట్టేస్తే డబ్బు పెట్టి కొన్న సీడీ ఎందుకూ కొరగాదు. ఆ రెండో సగాన్ని అభిమానులు సొంతంగా తయారుచేసుకోవడమే ప్రైవేటు సర్వర్ల పుట్టుక.

1997లో అల్టిమా ఆన్‌లైన్ వచ్చిన కొద్దికాలానికే ఈ పని మొదలైంది. సర్వర్ కోడ్ అభిమానుల చేతిలో లేదు. ఆటకూ సర్వర్‌కూ మధ్య నడిచే డేటాను పట్టి, ఒక్కో సంఖ్యకు అర్థమేమిటో ఊహించి, ఆడి సరిచూసుకుని, అవే జవాబులిచ్చే ప్రోగ్రామ్ రాశారు. ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్ళు మేలుకుని, పైసా ఆశించకుండా చేసేవాళ్ళే ఇందులో ఎక్కువ. అభిమానం పేరు చెప్పి సర్వర్ పెట్టి, ఆటలోని కత్తులూ కవచాలూ అమ్ముకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను ఈ లెక్కలో కలపలేను.

కంపెనీలు ఊరుకోలేదు. బ్లిజార్డ్ కంపెనీ ఆటల కోసం 1998లో మొదలైన బీనెట్‌డీ అనే అభిమానుల సర్వర్ ప్రోగ్రామ్ మీద కేసు నడిచి, 2005లో అమెరికా అప్పీలు కోర్టు కంపెనీకే అనుకూలంగా తీర్పిచ్చింది. 2016లో అదే బ్లిజార్డ్, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తొలి రూపాన్ని నడుపుతున్న నోస్టాల్‌రియస్ అనే ప్రైవేటు సర్వర్‌ను మూయించింది. 2019లో ఆ పాత ఆటనే క్లాసిక్ పేరుతో తానే తెచ్చింది. దానికి గిరాకీ ఉందని ముందుగా చూపించింది అభిమానులే.

నన్ను ఎక్కువగా కదిలించేది సిటీ ఆఫ్ హీరోస్ కథ. 2004లో అమెరికాలో మొదలైన ఈ ఆటలో వేషం దగ్గర్నుంచి శక్తుల దాకా ఎవరి వీరుణ్ణి వారే తీర్చిదిద్దుకునేవారు. మూసేస్తున్నారని తెలిశాక ఆటగాళ్ళు ఆటలోని అట్లాస్ పార్కులో కాగడాలు పట్టుకుని గుమిగూడారు. అయినా ఆ ఆట కంపెనీ ఎన్‌సీసాఫ్ట్ 2012 నవంబర్ 30న ఆపేసింది. 2019 ఏప్రిల్‌లో, కొద్దిమంది ఆ ఆటను ఏళ్ళ తరబడి రహస్యంగా నడుపుకుంటున్నారని బయటపడింది. మిగతావాళ్ళు మండిపడ్డారు, న్యాయమైన కోపమే. ఆ ఒత్తిడికి కోడ్ అందరికీ చేరి, విరాళాలతో నడిచే హోమ్‌కమింగ్ సర్వర్ వెలసింది. 2024 జనవరిలో ఎన్‌సీసాఫ్టే దానికి లైసెన్సు ఇచ్చింది.

ఆట మూసే ప్రతి కంపెనీ ఈ లైసెన్సు పని మూసే రోజునే చేయాలి.